బొమ్మ మిషను

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు మాస్టారి మీద నాకు ఒళ్ళు మండిపోతూ ఉంది. పద్దెనిమిదేళ్ళుగా అంబులెన్సులో పనిచేస్తున్నదాన్ని. రోడ్ల మీదా, మెట్ల మీదా, లిఫ్టుల్లోనూ మోకాళ్ళ మీద కూర్చుని మనుషుల గుండెలు నొక్కినదాన్ని. అలాంటి నన్ను, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన నలుగురి ముందు, నడుం కింద ఏమీ లేని ఒక రబ్బరు బొమ్మ దగ్గర ఫెయిల్ చేశారాయన.

రెండేళ్ళకోసారి మాకీ పరీక్ష తప్పదు. మనిషి పడిపోతే తట్టి పిలవడం, ఊపిరి ఉందో లేదో చూడటం, ఛాతీ నొక్కడం, గాలి కొట్టడం, షాక్ మిషను పెట్టడం. ఇవి సరిగ్గా చేసి చూపిస్తేనే మరో రెండేళ్ళు బండెక్కనిస్తారు. నేను బొమ్మ ఛాతీ నొక్కుతూ, "ఎవరైనా షాక్ మిషను తీసుకురండి" అన్నాను. మాస్టారు ఈల ఊదారు.

"ఎవరైనా అంటే ఎవరు తల్లీ?"

"ఇక్కడున్న వాళ్ళలో ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు అనే మనిషి ఈ గదిలో లేడు. వేలు పెట్టి చూపించి 'నువ్వెళ్ళి తీసుకురా' అని చెప్పాలి. మధ్యాహ్నం మళ్ళీ చెయ్యి."

గోడవారగా నిలబడ్డ మా మరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మా ఆయన తమ్ముడు. మా బండికి డ్రైవరు కూడా అతనే. ఇంట్లోనూ వదినే, బండిలోనూ వదినే, ఇక నాకు సెలవెప్పుడు అని కనపడ్డ వాళ్ళందరి దగ్గరా వాపోతుంటాడు. ఆ పూట ఆ నవ్వుతో నా కోపం ఇంకాస్త పెరిగింది.

మాస్టారిని మా అంబులెన్స్ స్టేషన్లో అందరూ 'ముప్పై రెండు మాస్టారు' అంటారు. ముప్పైసార్లు నొక్కు, రెండుసార్లు గాలి కొట్టు, మళ్ళీ ముప్పై, మళ్ళీ రెండు. రోజంతా ఆయన నోట ఇదే పాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరేళ్ళు ఆయనతోనే ఒకే బండిలో తిరిగాను. నాకొచ్చిన విద్యంతా ఆయన పెట్టిన భిక్షే. మోకాళ్ళు అరిగిపోయాక, బళ్ళు పెట్టే షెడ్డుకు పైనున్న శిక్షణ గదిలోకి మారారు. ఆ గదిలో ఆరు బొమ్మలు, నాలుగు పరుపులు, ఎప్పుడూ కిర్రుమనే ఒక ఫ్యాను, అన్నిటినీ తుడిచి తుడిచి గోడలకు కూడా పట్టిన స్పిరిట్ వాసన.

బల్ల మీద ఒక పసుపు పెట్టె ఉంటుంది. దాన్ని మేం బొమ్మ మిషను అంటాం. చూడ్డానికి అచ్చం మా బళ్ళలో ఉండే షాక్ మిషనే. అదే రంగు, అవే మీటలు, లోపలి నుంచి మాట్లాడే ఆడగొంతు కూడా అదే. కాకపోతే అందులో కరెంటు ఉండదు. ఆవిడ మాట్లాడటానికి సరిపడా బ్యాటరీ మాత్రం ఉంటుంది. 'శిక్షణకు మాత్రమే' అని దాని మీద ఒక స్టిక్కరు ఉండేది. స్పిరిటుతో తుడిచి తుడిచి అది ఊడిపోయింది. కొత్తది పంపమని ఆఫీసుకు రాసి రెండు నెలలైంది.

మాస్టారికి ఒక అలవాటుంది. క్లాసు మధ్యలో, మాట మాట్లాడుతూ మాట్లాడుతూ, ధబేలుమని కింద పడిపోతారు. ముందెవరు వస్తారో, ఏం చేస్తారో కళ్ళు మూసుకుని పడుకుని గమనిస్తారు. పడే ముందు మాత్రం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటారు. పాతవాళ్ళం కళ్ళజోడు జేబులోకి వెళ్ళగానే గ్రహించి పక్కకు తప్పుకుంటాం. కొత్తవాళ్ళకు మాత్రం ఎవరం చెప్పం. వాళ్ళ ముఖాలు చూడటం మా వినోదం.

ఆ రోజు కొత్తవాళ్ళకు ఆయన ఊపిరి గురించి చెబుతున్నారు. "గుండె ఆగిన మనిషి కూడా కాసేపు నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తాడు. గట్టున పడ్డ చేపలాగా. అది ఊపిరి కాదు. అది చూసి, పర్లేదు బతికే ఉన్నాడనుకుంటే..." అక్కడ ఆగారు. బల్ల అంచు పట్టుకోబోయారు. చెయ్యి జారింది. పక్కకు ఒరిగి పడిపోయారు.

కొత్తవాళ్ళు కెవ్వుమన్నారు. నేనూ మరిదీ నవ్వాం. అవును, నవ్వాం. చేతులు కట్టుకుని నిలబడి, "నా వంతు మధ్యాహ్నం కదా మాస్టారూ, ముందు వీళ్ళ సంగతి చూడండి" అని వెటకారంగా అన్నాను కూడా. కొత్తవాళ్ళలో పొడుగ్గా ఉండే అమ్మాయి ఒక్కతే పరుగున వెళ్ళి, భుజాలు తట్టి "సార్, సార్, వినపడుతోందా" అని పిలవడం మొదలుపెట్టింది. పాపం, నేర్పింది నేర్పినట్టే చేస్తోంది.

అప్పుడు కనిపించింది నాకు కళ్ళజోడు. జేబులో లేదు. ఆయన చెంప కింద నలిగి ఉంది. ఒక అద్దం పగిలి, ముక్క బుగ్గకు గుచ్చుకుని రక్తం వస్తోంది. నాటకానికి ఎవరూ అలా పడరు. మాస్టారు నోరు తెరిచి ఒక్కసారి గాలి కోసం ఎగబీల్చారు. తర్వాత మరి లేదు.

"నాటకం కాదిది!" అని అరిచానట. నాకు గుర్తు లేదు, మరిది చెప్పాడు. నేనూ పొడుగమ్మాయీ కలిసి ఆయన్ని వెల్లకిలా తిప్పాం. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు. చొక్కా గుండీలు తెంపి నొక్కడం మొదలుపెట్టాను. కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆయన ఛాతీ నా అరచేతుల కింద దిగుతూ లేస్తూ ఉంటే, నాకు కనపడుతున్నది ఒక్కటే. ఈ మనిషి చచ్చిపోతున్నాడు, నేను ఇరవై సెకన్లు నవ్వుతూ నిలబడ్డాను.

"నువ్వు!" అని పొడుగమ్మాయికి వేలు చూపించాను. "అంబూ బ్యాగు తీసుకుని తల దగ్గర కూర్చో. ముప్పై అవగానే రెండుసార్లు గాలి కొట్టు. నువ్వు!" అని కొత్తవాళ్ళలో గడ్డమున్న అతనికి చూపించాను. "షాక్ మిషను తీసుకురా!"

మరిది ఫోను చేతిలో పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. "నేనెవరికి ఫోన్ చెయ్యను వదినా? మనమే కదా అంబులెన్స్!"

"కంట్రోల్ రూముకి చెయ్యి! డాక్టరుండే బండిని పంపమను!"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు పడీ పడీ నవ్వేదాన్ని.

గడ్డమతను మూడంగల్లో వెళ్ళి మూడంగల్లో మిషను తెచ్చాడు. బల్ల మీది పసుపు పెట్టె. పొద్దున్నుంచీ షాక్ మిషను తెమ్మన్న ప్రతిసారీ తెస్తున్నది అదే, ఇప్పుడూ అదే తెచ్చాడు. తెచ్చింది అతను, అంటించింది నేను. మిషను తీగల చివర ఉండే జిగురు అట్టల్లో ఒకటి కుడి కాలర్ ఎముక కింద, ఇంకొకటి ఎడమ చంక కింద. అంచులు పైకి లేస్తుంటే అరచేత్తో అదిమాను కూడా. ఎందుకు లేస్తున్నాయని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేది. నెలల తరబడి బొమ్మలకు అంటించి పీకిన అట్టలు అలా కాక ఎలా ఉంటాయి?

"పరీక్షిస్తున్నాను. ఎవరూ రోగిని తాకవద్దు" అంది లోపలి ఆవిడ. అందరం చేతులు పైకెత్తాం. "షాక్ అవసరం." నేను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "అందరూ దూరం!" అని అరిచి మీట నొక్కాను. "షాక్ ఇవ్వడమైనది" అంది.

మాస్టారు కదల్లేదు.

కొత్తవాళ్ళకు అందులో వింతేమీ లేదు. వాళ్ళు చూసిన బొమ్మలేవీ ఎప్పుడూ కదల్లేదు. కానీ నేను మనుషుల్ని చూసినదాన్ని. షాక్ తగిలితే భుజాలు ఎగురుతాయి, చేతులు విదిలించుకుంటాయి. ఇక్కడ వేలు కూడా అదరలేదు. పెట్టె వైపు చూశాను. మూత మీద ఊడిపోయిన స్టిక్కరు తాలూకు జిగురు మరక. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అబ్బాయ్! ఇది బొమ్మ మిషను! మన బండిలోది తే!"

మరిది ఫోను అక్కడే పడేసి దూకాడు. మెట్ల మీద అతని అడుగుల చప్పుడు కిందికి పోయింది. నేను మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాను. ఆ తర్వాతి నిమిషం ఎంత పొడుగో నేను చెప్పలేను. గుండె ఆగిన మనిషికి షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి పది వంతులు తగ్గుతుందని నాకు నేర్పింది ఆయనే. ఆ పది వంతులు నా చేతుల్లోంచే పోతున్నాయి. పోతున్నాయని తెలిసి కూడా చెయ్యగలిగింది నొక్కడమే. గట్టిగా, లోతుగా, నొక్కినంతా పైకి లేవనిచ్చి. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. పొడుగమ్మాయి బ్యాగు పిండింది, ఛాతీ ఉబ్బింది. మళ్ళీ ఒకటి.

మరిది పైకొచ్చేసరికి అతనికే ఆక్సిజన్ పెట్టాలన్నట్టు ఉన్నాడు. పాత అట్టలు పీకేశాను. చెమట తుడిచి, ప్యాకెట్ చింపి కొత్తవి అంటించాను. ఇవి పట్టుకున్నాయి. మళ్ళీ అదే ఆడగొంతు, అవే మాటలు. ఆవిడ తీరుబడిగా పరీక్షిస్తున్నాను అంటుంటే, మనిషైతే జుట్టు పట్టుకునేదాన్ని. మీట నొక్కాను.

మాస్టారి భుజాలు నేల మీంచి ఎగిరాయి.

ఆగకూడదు. షాక్ ఇచ్చాక చూస్తూ కూర్చోకూడదు, వెంటనే నొక్కాలి. నొక్కాను. నా నొక్కుడు లోతు తగ్గడం చూసి పొడుగమ్మాయి, "అక్కా, నేను నొక్కుతాను" అంది. తప్పుకున్నాను. మోచేతులు వంచకుండా, చక్కగా నొక్కుతోంది. పదిహేడో పద్దెనిమిదో అంటుండగా మాస్టారి కుడి చెయ్యి నేల మీంచి లేచి, తడుముకుంటూ వచ్చి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"అబ్బా" అన్నారు మాస్టారు.

నా జన్మలో అంత అందమైన మాట వినలేదు. మరిది గోడకు జారగిలబడి కూర్చుండిపోయి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడవడానికి నాకు ఖాళీ లేదు.

డాక్టరున్న బండి వచ్చింది. ఆస్పత్రికి దారిలో మాస్టారు కళ్ళు తెరిచి, "నా కళ్ళజోడేది?" అని అడిగారు. పగిలిపోయిందని చెప్పాను. సరే అన్నట్టు తలాడించారు. మరో నిమిషానికి, "నా కళ్ళజోడేది?" మళ్ళీ చెప్పాను. మళ్ళీ తలాడించారు. ఆస్పత్రి చేరేలోపు పదకొండుసార్లు అడిగారు. మొదటిసారి సంతోషం వేసింది. నాలుగోసారికి భయం వేసింది. పదకొండోసారికి బండిలోని డాక్టరమ్మ వంక చూశాను. గుండె తిరిగి కొట్టుకుంటోంది సరే, మనిషి తిరిగొచ్చాడా? నేను పోగొట్టిన ఆ నిమిషం ఆయన బుర్రలోంచి ఏం పట్టుకుపోయింది?

"మామూలేనమ్మా. రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అంది డాక్టరమ్మ. ఇలాంటి మాట నేనే ఎంతోమంది బంధువులకు చెప్పాను. చెప్పడం ఎంత తేలికో, వినడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచి, ఆయన్ని పడుకోబెట్టి, మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు.

ఆ రాత్రి కంచం పక్కకు నెట్టేశాను. మా ఆయన వచ్చి, "బతికించావు కదే, ఇంకా ఏంటి" అన్నాడు. బొమ్మ మిషను సంగతి చెప్పాను. "ఎవరికి తెలుసు?" అని అడిగాడు. నిజమే. బొమ్మ మిషనులో ఏదీ నమోదు కాదు. అసలు మిషనులో మొదటి షాక్ టైము మాత్రమే ఉంటుంది. కొత్తవాళ్ళకు సరిగ్గా అర్థం కాలేదు. మరిది నోరు విప్పడు. రిపోర్టులో ఒక్క వాక్యం రాయకపోతే, నన్ను అందరూ భుజాల మీద ఎత్తుకుంటారు. రాయాల్సిన కాగితం సంచిలోనే పెట్టుకుని తెల్లారే ఆస్పత్రికి వెళ్ళాను.

మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆయన భార్య, నేను అక్కయ్య అని పిలుస్తాను, ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. గుమ్మంలో నన్ను చూసి మాస్టారు కళ్ళు చికిలించారు. కళ్ళజోడు లేదు కదా.

"ఎవరూ? నువ్వేనా? మధ్యాహ్నం పరీక్షకి రాలేదే?"

"షాక్ మిషను ఎవరైనా తెమ్మన్నావు. అది గుర్తుంది. ఆ తర్వాత ఏమైందో ఒక్క ముక్క గుర్తు లేదు. గుర్తు లేదన్నాను కదా అని పరీక్ష పాసయ్యాననుకోకు."

నా ప్రాణం లేచొచ్చింది. అక్కడే, గుమ్మంలోనే, తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నీ ఉన్నాయి. తిట్టడం ఉంది, వెటకారం ఉంది, నేను చేసిన తప్పు మాటకు మాట గుర్తుంది. మనిషి మనిషిలా మొత్తం తిరిగొచ్చాడు. అక్కయ్య కంగారుపడి లేచి వచ్చి నన్ను పట్టుకుంది.

ఆ ఊపులోనే చెప్పేశాను. నవ్వుతూ నిలబడిన ఇరవై సెకన్లూ, జిగురు మరకా, అదరని భుజాలూ అన్నీ. "మొత్తం ఒక నిమిషం పది సెకన్లు పోగొట్టాను మాస్టారూ."

"ఆ నిమిషంలో నొక్కడం ఆపారా?"

"పరీక్షిస్తున్నానన్నప్పుడు ఆపాం. పదిహేను సెకన్లు."

ఆయన పైకప్పు వంక చూశారు. "రాశావా?"

"ఇంకా లేదు."

"రాయి. స్టిక్కరు ఊడిన పెట్టె బల్ల మీద పెట్టుకున్నది నేనని రాయి. పడిపోయినట్టు నటించి మిమ్మల్ని నవ్వడానికి అలవాటు చేసింది కూడా నేనేనని రాయి. ఆ గదిలో గోడకి ఒక అసలు మిషను లేదని పెద్దక్షరాల్లో రాయి. ఈ తప్పు ఇంకొకళ్ళు చెయ్యకూడదు."

"మీ రాతకోతలు తర్వాత" అంది అక్కయ్య, టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "నొక్కుడికి మూడు పక్కటెముకలు విరిగాయట ఈయనకి. మీలో ఎవరు విరిచారో గానీ వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "ఏమండీ, ఇది ఇంట్లో జరిగుంటే?"

మాస్టారు దుప్పటి అంచు సరిచేసుకున్నారు.

"ముప్పై ఏళ్ళు ఊరందరికీ నేర్పారు. నాకు నేర్పలేదేం?"

"ఇంట్లో నేనున్నాను కదా అనుకున్నాను" అన్నారాయన, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా.

పన్నెండు రోజుల తర్వాత అక్కయ్య శిక్షణ గదికి వచ్చింది. కొంగు నడుముకు బిగించి, బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మాస్టారు వెంట వచ్చారు. వంగకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన రెండుసార్లు నోరు తెరిస్తే రెండుసార్లూ అక్కయ్య, "మీరు ఊరుకోండి, ఆ అమ్మాయి చెబుతోంది" అని నన్ను చూపించి నోరు మూయించింది. ఆ గదిలో ఆయన నోరు మూయించిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

ఛాతీ మధ్యలో ఆవిడ అరచెయ్యి పెట్టి, దాని మీద రెండోది పెట్టాను. మోచేతులు నిటారుగా ఉంచమన్నాను. మొదట పిండి కలుపుతున్నట్టు మెత్తగా నొక్కింది.

"ఇంకా గట్టిగా అక్కయ్యా."

"నొప్పి పుట్టదూ?"

"పుట్టాలి."

పళ్ళు బిగించి నొక్కింది. బొమ్మలోని స్ప్రింగు టిక్కుమంది. ముప్పై దాటింది, నలభై దాటింది, ఆపమనలేదు నేను. ముఖమంతా చెమట. నిమిషం అయ్యేసరికి ఆయాసంతో చేతులు తీసి, కాళ్ళ మీద కూలబడింది. కుర్చీలో ఉన్న మాస్టారి వంక ఒకసారి చూసి, ఆయనకు వినపడకుండా నన్ను అడిగింది.

"ఇలా ఎంతసేపు చెయ్యాలే?"

"ఎవరైనా వచ్చేదాకా."

"ఎవరూ రాకపోతే?"

ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబుంది. నీ ఓపిక పూర్తిగా అయిపోయేదాకా అని. ఎందరికో చెప్పాను ఆ జవాబు.

"నేనొస్తాను అక్కయ్యా" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మోకాళ్ళ మీదికి లేచి, చేతులు మళ్ళీ బొమ్మ ఛాతీ మీద పెట్టి, ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.